గోడకు బదులు నీటిజల్లా?

షోలాపురం నేతవాడల్లో పనీ కాపురమూ ఒకచోటనే గదా! 2025 మే 18 తెల్లవారుజామున అక్కల్‌కోట రోడ్డు తువ్వాళ్ల కార్ఖానాలో మంట లేచి ఎనిమిది ప్రాణాలు పోయినవి. అక్కడనే కాపురమున్నవారూ అందులో ఉన్నారు.

“కప్పుకు స్ప్రింక్లర్లు బిగిస్తే, మంటకు తాళే గోడలెందుకు?” అని కొందరంటారు. స్ప్రింక్లరు మంచిదే. సుమారు 68 డిగ్రీల వేడికి దాని గాజుబుడ్డి పగిలి, మంట చిన్నదిగా ఉండగానే నీరు కురుస్తుంది. కాని తొట్టిలో నీరుండవలె, వాల్వు తెరచి ఉండవలె. కుళాయి నీటికి రోజులు లెక్కపెట్టే ఊరు మనది! రెండు గంటలు మంటకు తాళే గోడకు నీరూ కరెంటూ అక్కరలేదు. కనుక ఒకటి మరొకదానికి తోడేగాని బదులు కాదు.

అన్నిటికన్న ముందు, మేడమీద నిద్రించే పిల్లలకు రెండవ మెట్లదారి ఉన్నదా? ఈ రాత్రే చూచుకొనండి.