ఊపిరితిత్తులలో ఇచ్చిపుచ్చుకోలు

1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుపై పడిన ఉప్పెన సుమారు 30,000 మందిని పొట్టబెట్టుకొన్నది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాది ప్రాణములు పోయినవి. నీరు ప్రాణమునెట్లు హరించును? దీనికి సమాధానము ఊపిరితిత్తుల నిర్మాణములోనే కలదు.

ముక్కున పీల్చిన గాలి, చెట్టుకొమ్మలవలె చీలిపోయిన గొట్టములగుండ ప్రయాణము చేసి, వాని కొనలనున్న వాయుకోశములను చేరును. ఈ కోశములు 30 కోట్లకు తక్కువ లేవు. అన్నిటిని విప్పి పరచినచో సుమారు 70 చదరపు మీటర్లగును; అది ఒక తరగతిగది నేలకన్న పెద్దది. ప్రతి కోశమును రక్తకేశనాళికలు వలవలె అల్లుకొనియుండును. గాలికిని నెత్తురుకును నడుమనున్న గోడ మందము మిల్లీమీటరులో వేయవవంతుకన్న తక్కువ.

ఒత్తిడి ఎక్కువగానున్న చోటినుండి తక్కువగానున్న చోటికి వ్యాపించుట వాయువుల స్వభావము. వాయుకోశములలో ఆమ్లజని ఒత్తిడి సుమారు 100 మిల్లీమీటర్ల పాదరసము. దేహమంతయు తిరిగివచ్చిన నెత్తురులో 40 మాత్రమే. కనుక ఆమ్లజని నెత్తురులోనికి చొచ్చి, ఎర్రకణములలోని హీమోగ్లోబిన్‌తో కలియును. బొగ్గుపులుసుగాలి ఒత్తిడి నెత్తురులో 45, కోశములో 40. అందుచే అది వెలుపలికి వచ్చును. ఎర్రకణము ఈ కోశమును దాటిపోవుటకు పట్టునది ముప్పాతిక సెకను. అందులో మూడవవంతు కాలములోనే ఈ ఇచ్చిపుచ్చుకోలు ముగియును.

కోశములు ముడుచుకొనిపోకుండ వాని లోపలిగోడకు పలుచని పూత యొకటి కలదు. లోనికి వచ్చిన నీరు ఆ పూతను చెరచును. సముద్రజలమైనచో మరియొక చేటు: అందలి ఉప్పు నెత్తురులోని ఉప్పుకంటె మూడురెట్లకు మించియుండుటచే, నెత్తురులోని నీటిని కోశములలోనికి లాగును. ఊపిరితిత్తులు నిండనక్కరలేదు, కొద్దినీరే చాలును. గుండె కొట్టుకొనుచున్నను ఆమ్లజని అందదు. కొద్ది నిమిషములలో మెదడు దెబ్బతినును.

కాలువలు, చెరువులు గల ఈ సీమలో ఉప్పెన లేనినాడును పిల్లలు నీట పడుటకలదు. ఒడ్డునకు చేర్చినవానికి పొట్టనొక్కి నీరు కక్కించుట పల్లెలలో తరచు చూచునదే. కాని ప్రాణము తీయునది పొట్టలోని నీరు కాదు. నొక్కినచో అది పైకివచ్చి ఊపిరితిత్తులలో దిగవచ్చును. విలువైన నిమిషములును వ్యర్థమగును. చేయవలసినది ఊపిరిపోయుట. మనము పీల్చు గాలిలో ఆమ్లజని నూటికి 21 పాళ్ళు. విడుచు గాలిలోను సుమారు 16 పాళ్ళు మిగిలియుండును. అది మరియొకని ప్రాణము నిలుపజాలునని 1950 దశకములో అమెరికాలో జేమ్స్ ఎలామ్, పీటర్ సఫార్ అను వైద్యులు నిరూపించిరి.

ఊపిరి ఆడనివాని తల వెనుకకు వంచి, గడ్డమెత్తి, ముక్కుమూసి, నోటిలో నోరుంచి ఊదవలెను. పిదప రొమ్ము నడుమ 30 మారులు గట్టిగా నొక్కి, 2 మారులు ఊదుచు, 108 వాహనము వచ్చువరకు సాగింపవలెను.

ఊపిరితిత్తుల బొమ్మను నల్లబల్లపై గీయు ఉపాధ్యాయుడు ఈ పద్ధతినికూడ ఆ పాఠమునందే చేసిచూపినచో, ఆ విద్య ఏ కాలువగట్టుననో ఒక పసివానిని తల్లి ఒడికి చేర్పగలదు.