సివిల్ ఇంజనీరింగ్ పరిశోధన పత్రం: రాతప్రతిని సిద్ధపరిచే క్రమం

వ్యాస సంగ్రహం:
సివిల్ ఇంజనీరింగ్ పరిశోధకులు ప్రయోగశాలలో సాధించిన ఫలితాన్ని పత్రికకు సమర్పించదగిన రాతప్రతిగా మలిచే క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. సిమెంటులో కొంత భాగానికి బదులుగా ఫ్లైయాష్ వాడిన కాంక్రీటుపై చేసే ప్రయోగాన్ని ఉదాహరణగా తీసుకుంటుంది. మరొకరు అదే ప్రయోగాన్ని తిరిగి చేసి చూడగలిగేలా రాయడమే రాతప్రతికి ప్రాణమనీ, తక్కిన నియమాలు చాలావరకు దాని నుంచే పుడతాయనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పరిశోధన పత్రం, రాతప్రతి, కాంక్రీటు, ఫ్లైయాష్, సంపీడన బలం, సమీక్ష, పరిశోధన నీతి.

1. ఉపోద్ఘాతం:
తెలుగు సాహిత్య పరిశోధనలో రాతప్రతి అనగానే తాళపత్రం గుర్తుకు వస్తుంది. ప్రాచీన కావ్యాన్ని పరిష్కరించే పండితుడు తాను ఏయే ప్రతులు చూశాడో, ఏ ప్రతిలో ఏ పాఠం ఉందో, దేన్ని ఎందుకు గ్రహించాడో పీఠికలో చెబుతాడు. అలా చెప్పడం వల్లనే తరవాతి పరిశోధకుడు ఆ నిర్ణయాన్ని పరీక్షించగలుగుతాడు, అవసరమైతే కాదనగలుగుతాడు. ఇంజనీరింగ్ పరిశోధకుడు పత్రికకు పంపే రాతప్రతికీ ఇదే ధర్మం వర్తిస్తుంది. తేడా ఒక్కటే. పాఠం తప్పితే పద్యం అర్థం మారుతుంది. కాంక్రీటు బలాన్ని తెలిపే అంకె తప్పితే, దాన్ని నమ్మి వేసిన స్లాబు కింద మనుషులు ఉంటారు.

2. పరిశోధన ప్రశ్న:
‘ఫ్లైయాష్ కాంక్రీటుపై ఒక అధ్యయనం’ అనేది విషయమే గాని ప్రశ్న కాదు. ‘ఫలానా విద్యుత్కేంద్రం నుంచి తెచ్చిన ఫ్లైయాష్‌ను సిమెంటుకు బదులుగా 30 శాతం వాడితే, 28, 90 రోజుల వయసులో కాంక్రీటు సంపీడన బలం ఎంత మారుతుంది?’ అనేది ప్రశ్న. దీనికి జవాబు ఉంటుంది. ఆ జవాబు తప్పని తేలే అవకాశమూ ఉంటుంది.

కొత్తదనం విషయంలోనూ జాగ్రత్త అవసరం. రామగుండంలోనో సింహాద్రిలోనో దొరికే బూడిదతో ఈ ప్రయోగం ఇంతకుముందు జరగలేదని చెప్పడం ఒక్కటే చాలదు. ఆ బూడిద సన్నదనంలో గాని, అందులో మిగిలిన కాలని కర్బన శాతంలో గాని, రసాయన కూర్పులో గాని ఉన్న ప్రత్యేకత ఏమిటో, అది ఫలితాన్ని ఎందుకు మార్చవచ్చో చెప్పినప్పుడే పూర్వ పరిశోధనలో ఉన్న ఖాళీ స్పష్టమవుతుంది.

3. పదార్థాలు, పద్ధతి:
రాతప్రతిలో మొదట రాయవలసిన భాగం ఇదే. ప్రయోగం నడుస్తున్న రోజుల్లోనే నోటు పుస్తకం నుంచి దీన్ని రాసుకోవడం మేలు. ఇక్కడ వదిలేసే చిన్న వివరాలే తరవాత పెద్ద సందేహాలవుతాయి. అందుకు మూడు ఉదాహరణలు చూడవచ్చు.

అ) సిమెంటు రకం: మార్కెట్లో దొరికే పోర్ట్‌లాండ్ పొజొలానా సిమెంటులో ఫ్లైయాష్ ముందే కలిసి ఉంటుంది. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 1489 మొదటి భాగం ప్రకారం అది 15 నుంచి 35 శాతం దాకా ఉండవచ్చు. పరిశోధకుడు ఆ సిమెంటు వాడి, ఆ సంగతి చెప్పకుండా ‘30 శాతం ఫ్లైయాష్’ అని రాస్తే, నిజానికి మిశ్రమంలో ఉన్న ఫ్లైయాష్ ఎంతో పాఠకుడికి తెలియదు.

ఆ) నీటి నిష్పత్తి: ఘనమీటరు కాంక్రీటులో సిమెంటు 280 కిలోలు, ఫ్లైయాష్ 120 కిలోలు, నీరు 180 కిలోలు ఉన్నాయనుకుందాం. సిమెంటు, ఫ్లైయాష్ రెండింటినీ కలిపి లెక్కిస్తే నీటి నిష్పత్తి 0.45. సిమెంటును మాత్రమే లెక్కిస్తే 0.64. మిశ్రమం ఒక్కటే, అంకెలు రెండు. నీటి నిష్పత్తికీ కాంక్రీటు బలానికీ ఉన్న సంబంధాన్ని డఫ్ ఏబ్రమ్స్ 1918లోనే సూత్రీకరించాడు. అంతటి కీలకమైన అంకెను ఏ అర్థంలో వాడారో చెప్పని పత్రాన్ని ఇతర పత్రాలతో పోల్చడం సాధ్యం కాదు.

ఇ) నమూనా ఆకారం: మన దేశంలో సాధారణంగా 150 మిల్లీమీటర్ల క్యూబులను పరీక్షిస్తారు. అమెరికాలో సిలిండర్లు వాడతారు. సాధారణ కాంక్రీటు విషయంలో సిలిండరు బలం క్యూబు బలంలో దాదాపు 0.8 వంతు ఉంటుంది. ఆకారం చెప్పకుండా ‘40 మెగాపాస్కల్స్’ అని రాస్తే అది సగం సమాచారమే.

ప్రమాణాలను పేర్కొనేటప్పుడు సంవత్సరాన్ని కూడా రాయాలి. కాంక్రీటు బల పరీక్షలకు దశాబ్దాల పాటు ఆధారమైన ఐ.ఎస్. 516:1959 స్థానంలో ఇప్పుడు భాగాలుగా విడదీసిన కొత్త ప్రమాణాలు వచ్చాయి. ఏ కూర్పును అనుసరించారో చెప్పడం పరిశోధకుడి బాధ్యత.

4. ఫలితాలు:
ఈ భాగంలో కనిపించినది మాత్రమే చెప్పాలి. కారణాలు, వ్యాఖ్యానాలు చర్చలో రావాలి. ఒకే సమాచారాన్ని పట్టికలోనూ పటంలోనూ రెండుసార్లు ఇవ్వకూడదు. సగటుతో పాటు నమూనాల సంఖ్య, విలువల మధ్య వ్యత్యాసం కూడా తెలపాలి.

పరిశోధకుడి నిజాయితీకి అసలు పరీక్ష ఇక్కడే ఎదురవుతుంది. ఒక మిశ్రమానికి చెందిన మూడు క్యూబుల బలం 36, 38, 28 మెగాపాస్కల్స్ వచ్చిందని ఊహిద్దాం. సగటు 34. ఏ ఒక్క విలువా సగటు నుంచి 15 శాతానికి మించి తేడా ఉండకూడదని ఐ.ఎస్. 456:2000 చెబుతుంది. అంటే విలువలు 28.9కీ 39.1కీ మధ్య ఉండాలి. మూడో క్యూబు ఆ హద్దు దాటింది. కనుక ఆ నమూనా ఫలితమే చెల్లదు. పరీక్ష మళ్లీ చేయవలసిందే. అలా కాకుండా 28ని మాటమాత్రం చెప్పకుండా తీసివేసి, మిగిలిన రెండింటి సగటు 37 అని రాస్తే పట్టిక అందంగా కనిపిస్తుంది. కాని ఆ మూడు మెగాపాస్కల్స్ కాంక్రీటు నుంచి వచ్చినవి కావు, కలం నుంచి వచ్చినవి. క్యూబు పోతలో లోపం జరిగిందా, యంత్రంలో సరిగా అమర్చలేదా, మిశ్రమమే సమంగా కలవలేదా అన్నది విచారించి, జరిగినదాన్ని రాతప్రతిలో నమోదు చేయాలి. పరిష్కర్త తాను గ్రహించని పాఠాంతరాన్ని కూడా అధోజ్ఞాపికలో చూపడం వంటిదే ఇది.

5. చర్చ, పరిమితులు:
ఫలితం ఎందుకు అలా వచ్చిందో, పూర్వ పరిశోధనలతో ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ విభేదిస్తుందో చర్చలో చెప్పాలి. ఫ్లైయాష్ కాంక్రీటులో పొజొలానిక్ చర్య నెమ్మదిగా సాగుతుంది. అందువల్ల 28 రోజులకు తక్కువగా కనిపించిన బలం 90 రోజులకు పుంజుకోవచ్చు. ఏడు, ఇరవై ఎనిమిది రోజుల పరీక్షలు మాత్రమే చేసి ‘ఫ్లైయాష్ బలాన్ని తగ్గిస్తుంది’ అని తీర్మానించడం ప్రయోగం ఇచ్చిన హద్దును దాటడమే. అలాగే సంపీడన బలం ఒక్కటే కొలిచినవారు ‘ఈ కాంక్రీటు మన్నికైనది’ అని రాయకూడదు. మన్నికకు వేరే పరీక్షలు ఉన్నాయి. పరిమితులను స్వయంగా చెప్పుకోవడం వల్ల పత్రం బలహీనపడదు. చెప్పిన మేరకు నమ్మదగినదవుతుంది.

6. రచనా క్రమం, భాష:
పాఠకుడు చదివే క్రమం వేరు, పరిశోధకుడు రాసే క్రమం వేరు. పద్ధతి, ఫలితాలు, చర్చ, ముగింపు, ఉపోద్ఘాతం, సంగ్రహం, శీర్షిక అనే వరసలో రాయడం అనుకూలం. సంగ్రహంలో ప్రశ్న, పద్ధతి, ప్రధాన ఫలితం అంకెలతో సహా, దాని ప్రయోజనం ఉండాలి. ‘ఫలితాలు చర్చించబడ్డాయి’ వంటి వాక్యం ఏమీ చెప్పదు.

పత్రికలు ఎక్కువగా ఆంగ్లంలోనివే కనుక తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పరిశోధకులు భాష దగ్గర తడబడటం సహజం. ముందు వాదాన్ని తెలుగులో పది వాక్యాలుగా రాసుకుంటే ఏ వాక్యం దేనికి ఆధారమో తేటపడుతుంది. ఆ ఎముకల గూడు నిలిస్తే ఆంగ్లంలోని వ్యాకరణ దోషాలను మరొకరు దిద్దగలరు. గూడే లేకపోతే ఎంత అందమైన ఆంగ్లమూ పత్రాన్ని నిలబెట్టలేదు.

7. పత్రిక ఎంపిక, పరిశోధన నీతి:
పత్రిక పరిధిని, రచయితలకు ఇచ్చిన సూచనలను చదివిన తరవాతే రాతప్రతికి తుదిరూపం ఇవ్వాలి. యూజీసీ తన కేర్ జాబితాను 2025లో నిలిపివేసింది. అందువల్ల పత్రిక మంచిచెడ్డలను బేరీజు వేయవలసిన బాధ్యత పరిశోధకుల మీద, వారి సంస్థల మీద మరింత పెరిగింది. సంపాదక వర్గం ఎవరు, సమీక్ష ఎలా జరుగుతుంది, పత్రిక చెప్పుకుంటున్న సూచికలో అది నిజంగా ఉందా అన్నవి స్వయంగా సరిచూసుకోవాలి. రోజుల్లోనే ప్రచురణకు హామీ ఇచ్చి రుసుము అడిగే పత్రికను అనుమానించాలి.

ఒకే రాతప్రతిని ఒకేసారి రెండు పత్రికలకు పంపకూడదు. యూజీసీ 2018 నిబంధనలు 10 శాతం వరకు సామ్యాన్ని శిక్షార్హం కాని స్వల్ప సామ్యంగా పరిగణిస్తాయి. అంతమాత్రాన అది కాపీకి ఇచ్చిన అనుమతి కాదు. క్యూబులు పోయడానికి సాయపడినవారికి కృతజ్ఞతలు చెప్పాలి. పరిశోధనలో గణనీయమైన భాగం లేని పెద్దల పేర్లు రచయితల వరసలో చేర్చకూడదు. కృత్రిమ మేధ సాధనాలను రచయితలుగా చూపరాదనీ, వాడినప్పుడు ఆ సంగతి వెల్లడించాలనీ ప్రచురణ నీతి సంఘం ‘కోప్’ స్పష్టం చేసింది.

8. సమీక్షకులకు సమాధానం:
సమీక్షకుడి ప్రతి వ్యాఖ్యనూ యథాతథంగా రాసి, దాని కింద సమాధానాన్ని, రాతప్రతిలో మార్పు చేసిన పుటను, పంక్తిని చూపాలి. అంగీకరించని చోట ఆధారంతో, మర్యాదగా చెప్పవచ్చు. సమీక్షకుడు అపార్థం చేసుకున్నాడనిపిస్తే, ఆ అపార్థానికి తావిచ్చిన వాక్యాన్ని మార్చడమే సరైన జవాబు. తిరస్కరణ వచ్చినా ఆ వ్యాఖ్యల ప్రకారం దిద్దకుండా మరో పత్రికకు పంపడం తగదు. ఆ చేతికే మళ్లీ సమీక్షకు వెళ్లవచ్చు.

9. ముగింపు:
సమర్పణకు ముందు రాతప్రతిని ఆ ప్రయోగంతో సంబంధం లేని తోటి పరిశోధకుడి చేతికి ఇచ్చి, ‘ఇందులో ఉన్న వివరాలతోనే రేపు ఈ మిశ్రమాన్ని కలపగలవా?’ అని అడగాలి. అతడు ఆగి ప్రశ్నించిన ప్రతి చోటా ఒక వాక్యం లోపించినట్లే. వేరే ఊళ్లో, వేరే ప్రయోగశాలలో, పరిచయం లేని మనిషి ఆ పుటలను మాత్రమే ఆధారంగా పెట్టుకొని క్యూబు పోసి ఫలితాన్ని సరిచూడగలిగితే ఆ పత్రం తన పని చేసినట్లు. ఫలితం అక్కడ వేరుగా వచ్చినా, ఎందుకు వేరుగా వచ్చిందో వెతకడానికి దారి ఆ పుటల్లోనే దొరకాలి.