పోస్టర్‌లో హీరో.. తెర మీద చుట్టం!

హోసూరు గోడలకు మూడు భాషలు వచ్చు. తమిళ సినిమా పోస్టర్ పక్కనే తెలుగుది, దాని అంచు మీద కన్నడది. ఏ భాష చదవడం రాకున్నా ఫర్వాలేదు. బొమ్మ చూస్తే చాలు, టిక్కెట్టు కొనేయొచ్చు. తిరకాసంతా అక్కడే! గోడ మీద నిలువెత్తున మీసం తిప్పిన హీరో, తీరా హాల్లో కూర్చుంటే రెండు మూడు సీన్లకే మాయం. ‘ఇదేందప్పా, మనోడు యాడికి పోయినాడు?’ అని ఇంటర్వెల్లో గొణుక్కోని సరిహద్దు ప్రేక్షకుడు ఉండడు.

అప్పుడు తిట్టుకున్న ఆ పోస్టర్లనే ఇప్పుడు వెతికి దాచుకునే వాళ్లున్నారు. గుజరీ అంగళ్లలో, మూతపడిన టాకీసుల గోదాముల్లో దొరికితే పండగే.

సిపాయికి ప్రమోషన్

ఈ ప్రాంతానికి బాగా తెలిసిన కథ ‘రాణువ వీరన్’. 1981లో వచ్చిన ఈ తమిళ చిత్రంలో రజనీకాంత్ హీరో, చిరంజీవి విలన్. ఇదే తెలుగులో ‘బందిపోటు సింహం’ అయింది. 1983లో ‘ఖైదీ’ ఆడాక చిరంజీవి ఎక్కడికో వెళ్లిపోయారు. ఆ తర్వాత ఈ బొమ్మను మళ్లీ ఆడించాలనుకున్న వాడికి ఆయన్ని విలన్‌గా ఓ మూలన వేసే ధైర్యం ఉంటుందా? రజనీ అభిమానులనూ నొప్పించలేడు. వేపనపల్లి దగ్గరి నాచికుప్పం రజనీ పూర్వీకుల ఊరు మరి!

1989లో వచ్చిన తమిళ ‘మాప్పిళ్లై’ మరో తమాషా. అది ‘అత్తకు యముడు అమ్మాయికి మొగుడు’కు రీమేక్. తెలుగులో హీరోగా చేసిన చిరంజీవి, తమిళంలో ఒక్క ఫైట్‌లో కనిపించి వెళ్లిపోతారు. 1996లో కన్నడంలో వచ్చిన ‘సిపాయి’ హీరో రవిచంద్రన్. చిరంజీవిది అందులో ప్రత్యేక పాత్రే. తెలుగులోకి వచ్చేసరికి సినిమా పేరు ‘మేజర్’గా మారింది. సరిహద్దు దాటగానే సిపాయికి అంత ప్రమోషన్ ఎందుకొచ్చిందో వేరే చెప్పాలా!

తప్పు గీసిన వాడిది కాదు. ఎవరి ముఖం ఎంత ఉండాలో తేల్చేది డబ్బు పెట్టిన నిర్మాత, పంపిణీదారు. 1967లో ‘సాక్షి’తో మొదలుపెట్టి వందలాది చిత్రాలకు పబ్లిసిటీ డిజైన్లు చేసిన ఈశ్వర్ (2021లో కన్నుమూశారు) ‘సినిమా పోస్టర్’ పేరుతో పుస్తకమే రాశారు. ఎవరి పేరు ముందు వేయాలన్న పేచీ పెద్ద సంస్థలకూ తప్పలేదు. 1962లో ‘గుండమ్మ కథ’కు నాగిరెడ్డి మంచి ఉపాయం చేశారు. టైటిల్స్‌లో ఎన్టీఆర్, ఏఎన్నార్ తదితరుల పేర్లు వేయకుండా ఫొటోలు చూపించి ఊరుకున్నారు.

ఇది మన దగ్గరి జబ్బే కాదు. 2013లో ‘12 ఇయర్స్ ఎ స్లేవ్’ చిత్రానికి ఇటలీలో వేసిన పోస్టర్లలో నల్లజాతి హీరో చివెటెల్ ఎజియోఫోర్‌ను చిన్నగా చేసి, కాసేపే కనిపించే బ్రాడ్ పిట్‌ను పెద్దగా వేశారు. గొడవయ్యాక వెనక్కి తీసుకున్నారు.

అబద్ధం ఎప్పటిది?

కొనేవాడికి అసలు చిక్కు ఇక్కడుంది. అబద్ధపు పోస్టర్‌ను చూసి సినిమా చరిత్ర రాస్తే తప్పులో కాలేసినట్టే. ‘ఫలానా నటుడు అప్పటికే హీరో’ అని పొరబడతారు. ఆ పోస్టర్ చెప్పేది సినిమా తీసిన నాటి సంగతి కాదు, పోస్టర్ అచ్చేసిన నాటి బజారు సంగతి. 1949 నాటి ‘మనదేశం’లో ఎన్టీఆర్‌ది చిన్న పోలీసు పాత్ర. ఆ సినిమా పోస్టర్ నిండా ఆయనే ఉంటే, అది ఎప్పుడు అచ్చయిందని ముందు అడగాలి.

జవాబు చాలాసార్లు అడుగునే ఉంటుంది. అచ్చేసిన ప్రెస్ పేరు, ఊరు వేయాలని 1867 నాటి చట్టంలోనే ఉండేది. ఆ చిన్న అక్షరాల్లో ఇంగ్లిష్‌లో ‘చెన్నై’ అని ఉంటే, 1996లో మద్రాసు పేరు మారిన తర్వాతి అచ్చు అనుకోవచ్చు. ఆరంకెల పిన్‌కోడ్ ఉందా? అది 1972 ఆగస్టు 15కు ముందుది కాదు. తర్వాత భూతద్దం తీయాలి. లితో పోస్టర్‌లో గీసిన చేతి జాడ కనిపిస్తుంది. దాన్ని ఫొటో తీసి ఆఫ్‌సెట్‌లో వేసిన నకిలీలో అక్షరాల మీద కూడా చుక్కలు వరస కడతాయి.

అక్షరాలు చిరిగిపోయినా కొన్నిసార్లు ముఖమే ఆధారం. 1957 నాటి ‘మాయాబజార్’ రెండు భాషల్లోనూ తీశారు. కృష్ణుడు ఎన్టీఆరే, ఘటోత్కచుడు ఎస్వీ రంగారావే, సావిత్రీ ఉంది. అభిమన్యుడు మాత్రం తెలుగులో ఏఎన్నార్, తమిళంలో జెమినీ గణేశన్. అభిమన్యుడి ముఖం మిగిలితే చాలు, అది ఏ భాష పోస్టరో చెప్పేయొచ్చు.

డబ్బులు వాపసు వస్తాయా?

పోస్టర్ చూసి మోసపోయిన వాడికి కోర్టులో దారుందా అన్నది పాత ప్రశ్నే. పోస్టర్ మీద కాదు గానీ, ట్రైలర్ మీద ఓ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2016 నాటి హిందీ ‘ఫ్యాన్’ ట్రైలర్‌లో ఉన్న పాట సినిమాలో లేదని ఓ ఉపాధ్యాయురాలు వినియోగదారుల ఫోరానికి వెళ్లారు. రూ.10 వేల పరిహారం, రూ.5 వేల ఖర్చులు ఇవ్వాలన్న తీర్పు వచ్చింది. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ప్రచార ట్రైలర్ ఒప్పందం కాదన్నది దాని మాట. నాలుగు సీన్ల హీరో కోసం టిక్కెట్టు కొన్నవాడికి ఇది చేదుగానే ఉంటుంది.

గోడకెక్కిన పోస్టర్‌కు ఆయుష్షు తక్కువ. మైదా జిగురుతో అంటించాక వానకు నానుతుంది, లేదా పశువుల పాలవుతుంది. వారం తిరక్కుండా మరోటి మీద పడుతుంది. అందుకే మిగిలేవి అంటించకుండా మిగిలిపోయిన మడతలే. పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964 నుంచి సినిమా సరంజామా భద్రపరుస్తోంది. కానీ ఓ సరిహద్దు టౌనులో మూడో రిలీజ్‌కు వేసిన చవక పోస్టర్ అక్కడి దాకా చేరాలంటే, ముందు ఇక్కడ ఎవరో ఒకరు దాన్ని పాత పేపర్ల తూకానికి వేయకుండా ఆపాలి.

దొరికిన దాన్ని లామినేట్ చేయకూడదు. టేపు అసలే వద్దు, ఏళ్లు గడిస్తే కాగితాన్ని పసుపు పట్టించి తినేస్తుంది. వెనకవైపు మెత్తటి పెన్సిల్‌తో మూడు ముక్కలు రాసిపెడితే సరి.. సినిమా ఏ ఏడాదిది, పోస్టర్ ఎప్పుడు అచ్చయి ఉంటుంది, బొమ్మలో పెద్దగా ఉన్నాయన నిజంగా ఎన్ని సీన్లలో కనిపిస్తాడు.