పాత ప్లేటు – క్రొత్త ముద్ర



తాళపత్రగ్రంథమును అచ్చువేయించు పరిష్కర్త, పురుగు తొలిచినచోట తన యక్షరము నుంచినయెడల గ్రంథము చెడును. పాత గ్రామఫోను ప్లేటును మరల ప్రకటించువానికిని ఇదియే ధర్మము. ఇందులకు నొక యుదాహరణము చెప్పెదను.

గుస్టావ్ మాలర్ అను సంగీతకర్త 1911లో వియన్నా నగరమున మరణించెను. ఆయన తొమ్మిదవ సింఫొనీని, అనగా అనేక వాద్యములు కూడి వాయించు దీర్ఘకృతిని, శిష్యప్రాయుడగు బ్రూనో వాల్టర్ 1912లో తొలిసారి వినిపించెను. ఆ వాల్టరే 1938 జనవరి 16వ తేదీన వియన్నా ఫిల్‌హార్మోనిక్ బృందముచే దానిని మరల వాయింపించెను. సభ జరుగుచుండగానే ఫ్రెడ్ గైస్‌బర్గ్ దానిని ప్లేట్ల కెక్కించెను. 1902లో కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ పాటను ప్లేటుపై పట్టినవాడును ఈతడే. కృతి సుమారు 70 నిమిషములు. ప్లేటు ప్రక్క కొకటికి నాలుగైదు నిమిషములకన్న పట్టదు. కావున 10 ప్లేట్లు, 20 ప్రక్కలు అయ్యెను.

రెండు నెలలైనను గడువకమున్నే హిట్లరు సేనలు ఆస్ట్రియాను ఆక్రమించెను. వాల్టరు యూదుడగుటచే దేశాంతరగతుడయ్యెను. ప్రథమ వయొలిన్ విద్వాంసుడును, మాలరు చెల్లెలి భర్తయు నగు ఆర్నోల్డ్ రోజే లండను చేరెను. ఆ బృందము మరల అట్లు కూడలేదు. ఆ ప్లేట్లే సాక్ష్యము.

నేను పునర్ముద్రణములు రెండు వింటిని. ఒకదానిలో సూది రాపిడి పూర్తిగా మాయమైనది. మొదట సంతోషించితిని. కాని కడపటి భాగమున తంత్రీవాద్యములు క్రమముగా సన్నగిల్లి మౌనమున లీనమగుచోట, నాదము కంబళి క్రింద నున్నట్లు తోచెను. రాపిడి చప్పుడును, వయొలిను నాదమునకు మెరుగునిచ్చు పైధ్వనులును చాలవరకు నొకేచోట కలిసియుండును. పొట్టును ఎగురగొట్టిన గాలికి గింజలును ఎగిరిపోయినవి. రెండవదానిలో రాపిడి కొంత మిగిలెను, శ్రోతల దగ్గులును వినవచ్చెను; కాని కమానుల కదలిక స్పష్టముగా తెలిసెను.

నా పరీక్షలు మూడు. ప్రక్కకు ప్రక్క నతికినచోట లయ కుంటుపడరాదు. వేగము సరిగానుండి శ్రుతి హెచ్చక తగ్గక యుండవలెను. మిక్కిలి మెల్లనిచోట సైతము మందిరమున మనుష్యులున్నారని తెలియవలెను.

1961లో వాల్టరు ఇదే కృతిని అమెరికాలో మరల రికార్డు చేసెను. నిర్మలమైన ధ్వనిని కోరువారు దానిని వినవచ్చును. పాత ప్లేట్లయందు మనము వినునది ఆనాటి సభ. దగ్గులను తుడిచివేసినచో శుభ్రమగును గాని, ఆనాడు కూర్చున్నవారు లేచిపోయినట్లగును.