పసిబిడ్డ విరేచనంలో రక్తం: తప్పు తల్లి తిండిదేనా?

రెండు నెలల బిడ్డ. తల్లిపాలు బాగానే తాగుతోంది, బరువు పెరుగుతోంది. ఒకరోజు గుడ్డ మీద జిగటతో పాటు ఎర్రటి చారలు కనిపిస్తాయి. విజయవాడ కొండవాలు బస్తీల్లోనైనా, దివిసీమ పల్లెల్లోనైనా వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: ‘‘నువ్వేం తిన్నావ్?’’ దళిత బాలింతకు ఆ ప్రశ్న ఇంకాస్త పదునుగా తగులుతుంది. పెద్దకూర తిన్నావా, ఎండుచేప తిన్నావా అని నిలదీస్తారు. వైద్యశాస్త్రం చెప్పే సమాధానం వేరు.

ఆరోగ్యంగా ఉన్న బిడ్డలో ఇలా రక్తపు చారలు కనబడితే ముందుగా అనుమానించేది పాల అలర్జీని. తల్లి తీసుకున్న ఆవు, గేదె పాలలోని ప్రోటీన్ కొద్ది మోతాదులో ఆమె పాలలోకి చేరుతుంది. కొందరు బిడ్డల రోగనిరోధక శక్తి దాన్ని శత్రువుగా పొరబడుతుంది. దాంతో పెద్దపేగు చివర వాపు వచ్చి, లోపలి పొర నుంచి కొద్దిగా రక్తం కారుతుంది. దీన్నే అలర్జిక్ ప్రోక్టోకొలైటిస్ అంటారు. పాల తర్వాతి వరుసలో సోయా, గుడ్డు ఉంటాయి. అంటే ‘శుద్ధమైన ఆహారం’ అని పేరుపడ్డ పాలే ఇక్కడ మొదటి కారణం. నింద మాత్రం వాడ తిండి మీద పడుతోంది.

ఈ అలర్జీని రక్త పరీక్షలు, చర్మ పరీక్షలు సాధారణంగా పట్టలేవు. డాక్టర్ సలహాతో తల్లి 2 నుంచి 4 వారాలు పాలు, పెరుగు, మజ్జిగ, పాలపొడి కలిసిన బిస్కెట్లు మానేసి చూడాలి. రక్తం ఆగాక మళ్లీ పాలు తీసుకుని నిర్ధారించుకోవాలి. చాలామంది బిడ్డలకు ఏడాది వయసుకల్లా తగ్గిపోతుంది. తల్లిపాలు మాత్రం ఆపకూడదు. బిడ్డకు మేకపాలో గేదెపాలో పట్టడం పరిష్కారం కాదు, వాటి ప్రోటీన్లూ ఆవుపాలను పోలినవే.

పాలు మానిన తల్లికి ఆ బలం వేరేచోట నుంచి రావాలి. పథ్యం పేరుతో ఉత్త కారప్పొడి అన్నం పెడితే ఇద్దరూ నష్టపోతారు. రాగులు, వేరుశనగ, ముళ్లతో తినే చిన్నచేపలు, మాంసం అందాలి. అంగన్‌వాడీలో బాలింతలకు పాలు ఇస్తున్నారు. అవి పడని తల్లికి బదులు ఏమిస్తారో అడగాలి.

అయితే రక్తం కనబడిన ప్రతిసారీ అలర్జీ కాదు. జ్వరం, నీళ్ల విరేచనాలు, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బరం, పాలు తాగకపోవడం, మగతగా ఉండటం, ఉండుండి గుక్కపట్టి ఏడవడం, వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వాడలో ముందు అనుమానించాల్సింది నీళ్లనే. 2024లో మొగల్రాజపురంలో వాంతులు, విరేచనాలు ప్రబలాయి. అదే ఏడాది సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్‌ను ముంచింది. డెల్టాలో కాలువ చివరి పల్లెకు చేరేది పైవాళ్లు వాడి వదిలిన నీరే.

కలుషిత నీటితో క్రిములు పదే పదే చేరితే పేగు లోపలి పొర ఎప్పుడూ వాచే ఉంటుంది. ఆహారాన్ని పీల్చుకునే సన్నని మడతలు చదునవుతాయి. బిడ్డ తిన్నా ఒంటబట్టదు, ఎత్తు పెరగదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే–5 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో సుమారు 31 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. తాగే చెరువును మురికి చేయొద్దన్నందుకు 1985 జులైలో కారంచేడు మాదిగలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. నీటి ప్రశ్న పసిబిడ్డ పేగు దాకా వెళ్తుందని ఆ తల్లులకు తెలుసు.

మరో చిక్కు పనిది. 26 వారాల వేతన ప్రసూతి సెలవు నాట్లకు వెళ్లే కూలీకి అందదు. ఆమె తొందరగా పొలానికి వెళ్తే బిడ్డకు డబ్బాపాలు మొదలవుతాయి. అవి కలిపేదీ ఆ నీళ్లతోనే. శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం 1992 ప్రకారం డబ్బాపాలకు ప్రకటనలు ఇవ్వడం, తల్లులకు ఉచిత శాంపిళ్లు పంచడం నేరం. అలర్జీ బిడ్డల కోసం తయారయ్యే ప్రత్యేక పాలపొడి ఖరీదైనది. తల్లిపాలు అందుతున్న బిడ్డకు చాలా సందర్భాల్లో దాని అవసరమే రాదు.

కాబట్టి గుడ్డ మీద రక్తం చూసినప్పుడు అడగాల్సిన ప్రశ్నలు మారాలి. జ్వరం ఉందా? బిడ్డ పాలు తాగుతోందా? నీళ్లు ఎక్కడివి, క్లోరిన్ కలుపుతున్నారా? తల్లి రోజూ పాలు తీసుకుంటోందా? పెద్దకూర తిన్నావా అన్నది ఈ వరుసలో మొదటి ప్రశ్న కాదు.