మధుమేహమునకు కాలినడక

కృత్తివెన్ను ప్రాంతమున ఒక రైతు ఉన్నాడనుకొందము. వేకువనే మోటారు సైకిలెక్కి రొయ్యల చెరువునకు పోవును. గట్టుమీద నిలిచి మేత వేయించును. ఇంటికి వచ్చి భోజనము చేసి కునుకు తీయును. చక్కెర వ్యాధికి వ్యాయామము చేయుమని వైద్యుడు చెప్పినప్పుడు, "రోజంతయు చెరువుల మీదనే తిరుగుచున్నాను, నాకు వేరే వ్యాయామమెందులకు?" అని అడుగును. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటయే మా ప్రయత్నము.

ఒక తరము క్రిందట ఈ మాట సబబుగానే ఉండెడిది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిమ్మట ఈ సీమలో కాలువల క్రింద వరి సేద్యము విస్తరించినది. దానితో దుక్కి, ఊడ్పు, కోత, నూర్పు అను చాకిరియు పెరిగినది. మూడు పూటలు తినిన అన్నమును దేహము ఆ చాకిరిలో ఖర్చు పెట్టెడిది. నేడు ట్రాక్టరు దున్నుచున్నది, యంత్రము కోయుచున్నది. తీరమున పెక్కు వరిచేలు చెరువులైనవి. శ్రమ తగ్గినంతగా కంచములోని అన్నము తగ్గలేదు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనము ప్రకారము మన దేశమున పది కోట్లకు పైగా మధుమేహ రోగులు కలరు. వంశము, వయస్సు మన చేతిలో లేవు. దేహమును కదలించుట మన చేతిలోనిదే.

కదలిక వలన చక్కెర ఎట్లు తగ్గును? డెల్టావాసులకు తెలిసిన ఉపమానమునే చెప్పెదము. అన్నము జీర్ణమై గ్లూకోజు అను చక్కెరగా మారి రక్తమున చేరును. రక్తము కాలువ యనుకొనుడు, కండరము చేను. తూము తలుపు ఎత్తి నీటిని చేనికి వదలు లస్కరు వంటిది ఇన్సులిను. మధుమేహమున లస్కరు రాకపోవచ్చును. లేదా వచ్చినను తలుపు బిగిసి లేవకపోవచ్చును. అప్పుడు కాలువ పొంగును, చేను ఎండును. ఏండ్ల తరబడి పొంగిన ఆ చక్కెరయే కన్నులను, మూత్రపిండములను, పాదముల నరములను చెరచును.

అయితే ఆ చేనికి రెండవ తూము కూడ కలదు. కండరము పని చేయునప్పుడు లస్కరుతో నిమిత్తము లేకయే అది తెరచుకొనును. కండరమునకు శక్తినిచ్చు భాస్వర పదార్థములను 1920ల చివర అమెరికాలోని హార్వర్డు వైద్య కళాశాలలో ఫిస్కేతో కలసి కనుగొన్నవారు, భీమవరమున జన్మించిన మన యెల్లాప్రగడ సుబ్బారావుగారే. ఆ శక్తి ఖర్చగుకొలది కండరము రక్తము నుండి గ్లూకోజును లాగికొనును. అంతేకాదు, వ్యాయామము తరువాత ఒకటి రెండు దినముల వరకు మొదటి తూము కూడ సులువుగా లేచును. అందువలననే వరుసగా రెండు దినములు వ్యాయామము మానరాదు.

ఎంత నడువవలెను? వారమునకు 150 నిమిషములు, అనగా అయిదు దినములు అరగంట చొప్పున. మాటలాడగలిగి, పాట పాడలేనంత వేగముండవలెను. ఒకేసారి కుదరనివారు భోజనమైన పిమ్మట పది, పదునైదు నిమిషములు నడచినను మేలు. రేడియోలో వార్తలు చదువునంతసేపు వసారాలో పచారు చేయవచ్చును. వారమునకు రెండు మూడు దినములు, చేతులూనక కుర్చీ నుండి లేచి కూర్చుండుట వంటివి చేసినచో కండబలము నిలుచును. చెన్నపట్టణమున వ్యాధి అంచున ఉన్న 531 మందిపై జరిగిన పరిశోధన 2006లో వెలువడినది. మూడేండ్లపాటు ఆహారనియమము, నడక పాటించినవారిలో వ్యాధి నాల్గవ వంతుకు పైగా తగ్గినది.

ప్రాచీనుడైన సుశ్రుతుడును ప్రమేహ రోగులను దూరము నడువుమనెను, ఆవుల వెంట తిరుగుమనెను, బావి త్రవ్వుమనెను. చెప్పులు లేక నడువుమనిన ఆయన మాటను మాత్రము మేము అంగీకరింపము. పాదమున స్పర్శ తగ్గినవారికి గుల్ల గ్రుచ్చుకొన్నను తెలియదు. ఆ పుండే కాలు తీయించు దశకు తేవచ్చును. కావున మెత్తని చెప్పులు తొడిగికొనుడు. ప్రతి రాత్రి అరికాళ్లు చూచుకొనుడు.

మరి రెండు హెచ్చరికలు. ఇన్సులిను గాని, గ్లిమిపిరైడు వంటి మాత్రలు గాని వాడువారు తిండి మాని శ్రమపడరాదు. నేటికిని ఎండలో కష్టించు కూలీలకు ఇది ముఖ్యముగా వర్తించును. చెమటలు, వణకు, అతిగా ఆకలి, తత్తరపాటు తోచినచో చక్కెర పడిపోయినదని ఎరుగవలెను. వెంటనే మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగవలెను. పదునైదు నిమిషములలో తేరుకొననిచో మరల త్రాగవలెను. స్పృహ తప్పినవారి నోట ఏమియు పోయక ఆసుపత్రికి చేర్చవలెను. ఇక చక్కెర 250 దాటి వాంతులు, ఆయాసము ఉన్నను, నడకలో రొమ్ము నొప్పి కలిగినను ఆగి వైద్యుని చూడవలెను. కంటి లోపలి పొర దెబ్బతిన్నవారు బరువులు ఎత్తరాదు.

నడక మొదలుపెట్టితిమని మందులు మానరాదు. మోతాదు తగ్గించుట వైద్యుని పని. మన రైతు చేయవలసినది స్వల్పమే. మోటారు సైకిలును ఊరి చివర నిలిపి, చెరువు వరకు చురుకుగా నడచి పోవలెను. రేపటి కొరకు వేచియుండనక్కరలేదు. ఈ రాత్రి భోజనము కాగానే ఆరంభింపవచ్చును.