వెల్డింగ్ మిషన్‌కి మన ఇంటి ప్లగ్గు చాలుతుందా?

గేటు మడతబందు విరిగితే వెల్డింగ్ అతన్ని పిలుస్తాం. "కరెంటు ఎక్కడమ్మా?" అంటాడు. మనం వరండాలో లైటు స్విచ్చుల పక్కనున్న సాకెట్టు చూపిస్తాం. అది 6 ఆంపియర్లది. అతని మిషన్‌ది 16 ఆంపియర్ల లావు పిన్నుల ప్లగ్గు. పట్టదు!

మా ఇంట్లో ఏం జరిగిందనుకున్నారు? అతను ప్లగ్గు ఊడదీసి, రెండు వైర్లూ ఆ చిన్న సాకెట్టులోనే దూర్చి అగ్గిపుల్లలు బిగించాడు. ఎర్త్ వైరు మాత్రం గాలిలో వేలాడుతోంది. కాసేపటికి బోర్డు నుంచి కమురు వాసన. పరుగున వెళ్ళి మెయిన్ ఆపేశాను. కొత్త బోర్డుకి గేటు కూలి కంటే ఎక్కువే అయింది. అది పోనీండి, మిషన్‌కి చెయ్యి ఆనించి తమాషా చూస్తున్న మా చిన్నాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ గుండె దడే.

షాపులో దొరికే కన్వర్టర్ ప్లగ్గు పెడితే సరి అనుకోకండి. దానితో పిన్నులు పడతాయి గానీ గోడలోని సన్న వైరు లావెక్కదు కదా! 230 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లంటే 1380 వాట్లే. గీజరుకో, ఏసీకో వేయించిన పవర్ ప్లగ్గు చూపించండి. అంతకంటే ముందు మిషన్ రేకు మీద ఎన్ని ఆంపియర్లు లాగుతుందో చదివించండి. 16 దాటితే దానికీ పెట్టనివ్వకండి, గేటునే షాపుకి తీసుకెళ్ళమనండి. పవర్ ప్లగ్గు దూరమైతే ఎర్త్‌తో సహా మూడు వైర్లున్న లావు ఎక్స్‌టెన్షన్ తెమ్మనండి. చుట్ట మొత్తం విప్పించండి, చుట్టలోనే ఉంటే వైరు వేడెక్కిపోతుంది.